ముప్పై మంది హాల్లోనే ఉన్నారు

29 జనవరి 1996

హైదరాబాద్ మెడికల్ కమిటీ ఒప్పుకుంది! స్పెషలిస్టు డాక్టర్ల కోసం గద్వాలలో మేం పెట్టే సీఎంఈ క్లాసుకి అక్రిడిటేషన్, అంటే గుర్తింపు, వచ్చింది. ఇక డాక్టర్లు ఏటా చూపించాల్సిన క్లాసు గంటల కోసం, ఆ క్రెడిట్ అవర్స్ కోసం, ప్రతిసారీ హైదరాబాద్ బస్సెక్కక్కర్లేదు. ఒకటే షరతు. ముప్పై మంది స్పెషలిస్టులు చివరిదాకా హాల్లో ఉండాలి. ఒక్కరు తగ్గినా ఎవరికీ క్రెడిట్ రాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మొత్తం ఊడ్చినా అంతమంది దొరకడం కష్టమే.

5 ఫిబ్రవరి

ఇరవై తొమ్మిది మంది ఒప్పుకున్నారు. మిగిలింది కురుమూర్తి గారు. మా వనపర్తిలో మత్తు ఇచ్చే డాక్టర్ ఆయనొక్కరే. "నేను గూడ గద్వాలకొస్తే ఈడ మత్తిచ్చేటోళ్లు ఎవరుంటరు మేడం?" అన్నారు. ఒక్క ఆదివారమే కదా అని బతిమాలాను. నా మాట కాదనలేకపోయారు.

ముప్పై!

11 ఫిబ్రవరి, ఉదయం 7

బయల్దేరుతున్నాను. నా నర్సింగ్ హోమ్‌ని నర్సు శాంతమ్మకు అప్పగించాను. వార్డు ఖాళీ. కాన్పుల డాక్టర్‌ని కదా, ఇవాళ్టి టాపిక్ నేనే ఎంచుకున్నాను. కాన్పులో రక్తస్రావం.

అదే రోజు, సాయంత్రం



గద్వాల హాల్లో కర్టెన్లు వేసి ఉన్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు గర్భసంచి పగిలిన కేసు స్లయిడ్ చూపిస్తున్నారు. తలుపు తోసుకుని ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. కొంగంతా రక్తం. వీపనగండ్ల నుంచి వచ్చిన జంగమ్మ అని తర్వాత తెలిసింది.

"వనపర్తికి వోతే డాక్టర్లందరు గద్వాలల ఉన్నరని ఆ నర్సమ్మ చెప్పింది. గీడికే తెచ్చిన. నా కోడలు జీపుల ఉంది. జర లెవ్వుండ్రి సారూ!"

ఎవరూ లేవలేదు. ప్రొజెక్టర్ వెలుగు ఆమె మొహం మీద పడుతోంది. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది ముప్పై అనే అంకె. దేవుడా, అదే గుర్తొచ్చింది.

ముందు పరిగెత్తింది కురుమూర్తి గారు. వెనక నేను. తలుపు దగ్గర కమిటీ పరిశీలకుడు, బయటికి వెళ్తే అందరి క్రెడిట్ పోతుందని గుర్తు చేశాడు. నాగర్‌కర్నూలు సర్జన్ యేసయ్య గారు ఆయన్ని పక్కకు నెట్టారు. "నీ రూల్ నీ జేబుల వెట్టుకో సార్."

జీపులో ఆమె కోడలు తిరుపతమ్మ. మొదటి కాన్పులో కడుపు కోసిన గుర్తు ఉంది. చెయ్యి వేయగానే తెలిసిపోయింది, గర్భసంచి పగిలింది. వనపర్తిలో దిగినప్పుడు నడిచిందట. నొప్పి ఒక్కసారిగా ఆగిపోయింది బీచుపల్లి వంతెన దగ్గరట. అంటే అక్కడ పగిలింది. మేం ఊళ్లో ఉండి ఉంటే!

దగ్గర్లోని నర్సింగ్ హోమ్ థియేటర్‌కి పరుగు. కురుమూర్తి గారు మత్తిచ్చారు. ప్రొఫెసర్ గారే నాకు అసిస్ట్ చేశారు. యేసయ్య గారు, ఇంకొందరు రక్తమిచ్చారు.

పాప అప్పటికే చనిపోయింది. గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. తిరుపతమ్మ బతికింది.

12 ఫిబ్రవరి

నిన్న రాసింది చదవలేకపోయాను.

17 ఫిబ్రవరి

గద్వాల వెళ్లి తిరుపతమ్మను చూశాను. జ్వరం లేదు. మొదటిసారి నాతో మాట్లాడింది.

"గంతమంది డాక్టర్లు ఒక్కతాన ఎందుకు కూసున్నరమ్మా?"

చదువుకోవడానికి, అన్నాను.

"ఏం సదువుకుంటుండ్రి?"

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు. నీకొచ్చిన కష్టం గురించే, అన్నాను.

 ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

జంగమ్మ వరండా దాకా వచ్చింది. "మల్ల గిట్ల అందరు ఒక్కసారే పోకుండ్రమ్మా" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

4 మార్చి

హైదరాబాద్. కమిటీ ముందు మాట్లాడాను. చిన్న ఊళ్లలో సగం మందికి ఒకసారి, మిగతా సగానికి ఇంకోసారి క్లాసు పెట్టనివ్వమన్నాను. అంకె తగ్గిస్తే క్వాలిటీ తగ్గుతుందన్నారు. తిరుపతమ్మ సంగతి చెప్పాను.  ఆలోచిస్తామన్నారు.

మేం ఆగం, క్రెడిట్ లేకుండానే పెట్టుకుంటాం అని చెప్పి వచ్చేశాను.

14 ఏప్రిల్

వనపర్తిలో క్రెడిట్ లేని క్లాసు. పదిమందిమే. కురుమూర్తి గారు క్లాసుకి రాకుండా ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నారు.

మధ్యలో వీధిలో ఎవరో ఆడమనిషి గట్టిగా అరిచింది. అందరం లేచి తలుపు దగ్గరికి ఉరికాం. తీరా చూస్తే కూతుర్ని అన్నానికి పిలుస్తోంది.

మిగతా క్లాసు నిలబడే విన్నాం.