సగం దాణా

అమ్మాయికి, మేమిద్దరం కులాసాగానే ఉన్నాం.

నువ్వు కబేళా నుంచి విడిపించి మనింటికి పంపిన రెండు గుర్రాల్లో తెల్లది నిన్న పొద్దున ఈనింది. అది చూలుతో ఉందని మనకెవరూ చెప్పలేదు. పొట్ట పెరుగుతుంటే తిండి ఎక్కువైందనుకుని, నెల్లాళ్లుగా నేనే దాణా సగానికి తగ్గించాను. "అది కొవ్వు కాదండీ, ఒకసారి డాక్టరుకి చూపించండి" అని మీ అమ్మ అంటే, "గుర్రాల సంగతి నీకేం తెలుసు" అని కసిరాను. పిల్ల బతికింది. తల్లి మళ్ళీ లేవలేదు.

పిల్ల నల్లదాని పొదుగు వెతుక్కుంటోంది, ఆ ముసలిదానికి పాలెక్కడివి. చంటాడి పాలసీసా పీకలు పాతవుంటే వెంటనే పంపు. వాడి దగ్గు తగ్గిందా? అల్లుడిగారిని అడిగానని చెప్పు. మీ ముగ్గురికీ దీవెనలు.

మీ అమ్మ నన్ను ఇంతవరకూ ఒక్క మాటా అనలేదు. అనమని నువ్వైనా రాయి.

నాన్న