కొరియా కొండమీద మూడు రాళ్లు

అక్కా,

ఖతార్‌లో నేను పనిచేసే ఈ మెసయీద్‌లో ఎటు చూసినా ఇసుకే, ఎక్కుదామన్నా కొండ ఉండదు. అలాంటిది, నువ్వు పోయి ఏడాదైన రోజున నేను కొండెక్కాను. కంపెనీ ట్రైనింగ్‌కని కొరియా పంపితే, అక్కడ మాకు పని నేర్పే పార్క్ అనే అతను సెలవునాడు తన ఊరి కొండకు తీసుకెళ్లాడు. నిన్ననే తిరిగొచ్చాను.

దారంతా కథలు చెబుతూనే ఉన్నాడు. పైన బుద్ధుడి గుడి వెనక ఇంకో చిన్న గుడి ఉంది. అందులో పటం నిండా తెల్లగడ్డం తాత, పక్కనే పులి. ఆయన కొండదేవుడట. ఆ పులి మాత్రం పాలు తాగేసిన పిల్లిలా నవ్వుతోంది. నువ్వయితే అక్కడే పడీపడీ నవ్వి మాకు తిట్లు తినిపించేదానివి.

మెట్లమీద కూర్చుని అందరం పంచుకు తిన్నాం. ఇక్కణ్ణుంచి మోసుకెళ్లిన చింతపండుతో పులిహోర కలిపాను. వాళ్ల క్యాబేజీ పచ్చడి దానికి భలే కుదిరింది. పార్క్ ఎండుమిరపకాయ కూడా వదలకుండా నమిలి, మళ్లీ చెయ్యి చాచాడు.

దిగుతుంటే దారి పక్కన రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి, అచ్చం తిరుమల నడకదారిలో లాగే. అద్దెకొంపలో ఉంటూనే నువ్వక్కడ ప్రతిసారీ మూడు పేర్చేదానివి. ఇల్లు, మేడ, మేడమీద గది.

"ఏదైనా కోరుకుని పెట్టు," అన్నాడు పార్క్.

రెండు నిలిచాయి. మూడోది జారిపోతూనే ఉంది.

"రెండు చాల్లే, బస్సు వెళ్లిపోతుంది," అన్నాడు.

ఆగమన్నాను. మేడమీద గది పడందే నువ్వు గృహప్రవేశం చెయ్యవుగా.