రోకలి పోటుకి చూసిన పిల్ల

కనకాలపేట,
ఆగస్టు 1957

చిరంజీవి తమ్ముడు భావన్నారాయణకి,

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కడివే చదువు. మరదలికి తరవాత చెప్పు.

మాఘంలో మా వీరవేణిని మద్రాసు డాక్టరుకి చూపించాం. చెవిలో చీము పట్టిందని మీతో అబద్ధం చెప్పాను. అది పుట్టుచెవుడు, మన రక్తంలోనే ఉంది. అమ్మ మనిద్దరికీ మేనరికాలే చేసింది కదా. పిల్లకి మాట రాకపోతే, "మనింట్లో పిల్లలకి మాటలు ఆలీసంగానే వత్తాయే" అంది. నేనూ నమ్మాను. వడ్లు దంచుతుంటే ప్రతి పోటుకీ తిరిగి చూసేది మరి! నేల అదరడం దాని అరికాళ్లకి తెలిసేదిరా, చెవులకి కాదు. అలా ఏడేళ్లు పోగొట్టాను.

చెవికి మిషను పెట్టించాం. నేను పిలిస్తే జడుసుకుని ఏడ్చింది. పసితనంలో శబ్దం అందకపోతే దాన్ని పోల్చుకునే దారులు మెదడులో సరిగా ఎదగవట. ఇప్పుడు దానికి చప్పుడు అందుతుంది గానీ అది అమ్మ గొంతని తెలియదు. నెలల పిల్లగా ఉన్నప్పుడే తెచ్చుంటే కొంత దక్కేదన్నాడు డాక్టరు.

నీ కొడుకుని వెంటనే మద్రాసు తీసుకెళ్లు.

చైత్రంలో వాడి అన్నప్రాసన నాడు వంటింట్లో ఇత్తడి బిందె జారిపడింది. అందరం ఉలిక్కిపడ్డాం. నా భుజం మీదున్న వాడు మాత్రం నా గొలుసుతో ఆడుకుంటూనే ఉన్నాడు. "మావోడికి బెదురన్నదే లేదొదినా" అని మరదలు మురిసిపోయింది. నేను నవ్వి, పాయసం తిని వచ్చేశాను.

అది జరిగి నాలుగు నెలలైంది.

మీ అక్క