జమీందారే చంపాడు

అగ్రికో, జంషెడ్‌పూర్
14 నవంబరు 2024

చి.సౌ. స్మితకు అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. క్షేమమే గాని శాంతి లేదు.

లోపల గడియ పెట్టుకున్న రైలు కూపేలోకి జమీందారు ఎలా వెళ్ళాడు? తొమ్మిదో ఏట నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. నువ్వప్పటికి అమ్మ ఒళ్ళో పిల్లవి. బర్మామైన్స్‌ పేటలో మన తెలుగు సంఘం ఆవరణలో తెర కట్టి, పాత నలుపు తెలుపు ఇంగ్లీషు డిటెక్టివ్ సినిమా వేశారు. కథంతా రైల్లోనే. మనవాళ్ళకు ఇంగ్లీషు రాదు కనుక, ఎప్పటిలాగే నాన్న తెర పక్కన నిలబడి మైకులో తెలుగులో చెప్పుకుపోయాడు. తెల్లదొరను మనకోసం జమీందారును చేశాడు. చివరికి వజ్రాల వ్యాపారిని చంపింది జమీందారే అన్నాడు. గడియ మాటేమిటని నేను లేచి అడిగితే, "కూకోయే, నువ్వడ్డొత్తే రైలాగిపోద్ది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తరవాత మన వీధిలో ఆవకాయ జాడీ తరిగినా జమీందారే అనేవారు.

ఇప్పుడు సంఘం కార్యదర్శి ప్రవీణ్ ఆ సినిమా ఎక్కడో సంపాదించాడు. నాన్న జ్ఞాపకార్థం డిసెంబరు ఒకటి, ఆదివారం వేస్తారట. ఎం.ఏ. చదివిన పాపానికి, ఆయన స్థానంలో మైకు పట్టుకోవలసింది నేనట. సరేనని ముందుగా ఫోనులో చూశాను. చంపింది దొర కాదే. ఆ పెట్టె అటెండెంటు. ఆ గడియను బయటినుంచి తెరిచే తాళంచెవి అతని దగ్గరే ఉంది. పట్టుకోవడం తెర మీద కనబడదు, అంతా డిటెక్టివ్ మాటల్లోనే. పాపం నాన్నకు ఆ ఇంగ్లీషు అంది ఉండదు అనుకున్నాను.

అనుకుని ఊరుకోక అమ్మతో అన్నాను. అంతే. నాన్న చెప్పిందే చెప్పాలని పట్టు. సినిమాలో ఉన్నదే కదా చెప్పాలి అని, తెలుగు అంతగా రాని ప్రవీణ్ హిందీలో నచ్చజెప్పబోతే, "నీ పిచ్చరు మీ ఇంట్లో ఏసుకో" అంది. రెండు రోజులుగా నాతో మాట మానేసి కూర గిన్నెతో మాట్లాడుతోంది. పోయిన మనిషి ఇంగ్లీషు కోసం బతికున్నవాళ్ళం కొట్టుకోవడం ఏమిటే? ఫోన్ చేసి నువ్వైనా చెప్పు. నావల్ల కాదు.

విసిగిపోయిన నీ అక్క,
కల్యాణి

తా.క.: కవరు అంటించబోతుంటే అమ్మ నోరు విప్పింది. మన వెనకింటి ఆదిబాబు మావయ్య ఆ రోజుల్లో రైల్లో ఫస్ట్ క్లాసు పెట్టెకి అటెండెంటు. తాళం వేసిన కూపేలో ఎవరిదో బంగారం పోయి, అతణ్ణి సస్పెండు చేశారట. నెలల తరబడి గడప దాటనివాణ్ణి నాన్నే బతిమాలి ఆ సినిమాకి తీసుకొచ్చాడట.

"పెళ్ళాంతో ముందు వరసలో కూకున్నాడే. తాళమున్నోడే సంపీసినాడని మైకులో సెప్పమంతావేటి మీ నాన్నని?"

అయితే అతను దొంగ కాడని నాన్నకు తెలుసా అని అడిగాను. "అది నేనడగనేదు" అని తోటకూర ముందేసుకుంది.

తరవాత ఉద్యోగం తిరిగి ఇచ్చారు. బంగారం మాత్రం దొరకలేదు. సినిమా వేసే ఆదివారం ముఖ్య అతిథి ఆదిబాబు మావయ్యే. నాన్న నిర్దోషిని కాచాడో, దొంగను దాచాడో నాకు తెలియదు. మైకు చేతికిచ్చాక ఎవరి పేరు చెబుతానో అదీ తెలియదు.