కళ్లు దిద్దని చేపలు

అమలాపురం,
18 డిసెంబరు 1983

రాజోలు బడి హెడ్మిస్ట్రెస్ జ్ఞానమ్మగారికి, మట్టిపని మేష్టారు నమస్కరించి వ్రాయునది.

మీ క్రిస్మస్ చెట్టు కోసం చేసిన మట్టి రంగుచేపల పెట్టె ఈ ఉత్తరంతోపాటే మీకు అందుతుంది. చేపలకు కళ్లు లేవు. మీరు పొరపాటనుకొని పిల్లలచేత పెట్టించకముందే కారణం చెప్పాలి.

మట్టిని బేకరీ పొయ్యిలో, రొట్టెలు తీశాక మిగిలిన వేడిమీద గట్టిపరిచాను. అది కుండలా కాలదు గనుక తడిగుడ్డ తగలనీయకండి. రంగులు మాత్రం అంతర్వేదిలో ఉండే కాంతం అనే ఆవిడ వేసింది. పసుపు ఒంటిమీద నీలిచారలు అంత సన్నగా నేను గీయలేను.

ఆమె భర్త పెద్దిరాజు సముద్రం మీద ఉన్నంతకాలం ఆమె ఏ చేపకూ కన్ను పెట్టదు. అది అత్తగారి నాటి పట్టింపు. ఆయన ఒడ్డెక్కాక అన్నింటికీ ఒకేసారి పెడుతుంది. మొన్నటి గాలివాన తరువాత మిగిలిన పడవలన్నీ చేరాయి, ఆయనది చేరలేదు. పండుగ దగ్గరపడిందని నేనే కుంచె తీశాను.

"మీరు పెడితే మెల్లకన్నొస్తాదండి, మేష్టారూ," అని నవ్వుతూ కుంచె లాక్కుంది. దాన్ని కడిగి పక్కన పెట్టి, "ఆయనొచ్చేక నేనే రాజోలెళ్లి పెడతానండి," అంది.

"ఆయ్, అలాగేనమ్మా," అన్నాను.

నాకా పట్టింపు లేదు. అయినా నేను కన్ను పెడితే, ఆయన ఇక రాడని ఒప్పుకున్నట్టు ఆమెకు తోస్తుంది. అందుచేత వాటిని ఉన్నవి ఉన్నట్టుగానే చెట్టుకు కట్టించండి. పిల్లలు అడిగితే, కళ్లు పెట్టే ఆవిడ ఇంకా రావాలని చెప్పండి. నల్లరంగు సీసా పెట్టెలోనే ఉంది. మూత తీయనీయకండి, ఆరిపోతుంది.

పండుగలోగా కాంతం వస్తుందో రాదో చెప్పలేను. పడవ సంగతి అంతర్వేదిలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.