పచ్చ పెట్టె అడుగు సొరుగు

శ్రీ గురుబసవలింగాయ నమః

జహీరాబాద్,
భాద్రపద బహుళం, 1964.

షోలాపూరులో ఉన్న మీకు గిరిజమ్మ చేసే శరణార్థులు, నమస్కారాలు. ఇక్కడ నేను, మీ అక్క, బర్రె, దూడ అందరం క్షేమమే. అక్కడ మీరు కూడా క్షేమమని తెలిసింది. ఎవరి ద్వారా తెలిసిందో ముందుకు పోయినాక రాస్తాను.

మీ వెనకటి రెండు జాబులకు నేను బదులు రాయలేదు. పెన్ను పట్టుకుంటే మొదటి మాట దగ్గరే చెయ్యి ఆగిపోయేది. ఉన్నది రాయడానికి ధైర్యం చాలలేదు, లేనిది రాయడం నాకు చేతకాదు. నిన్న సాయంత్రం మీ అక్క మహాదేవమ్మ వదిన తానే సిరాబుడ్డి తెచ్చి నా ముందు పెట్టి, "రాయి" అన్నది. ఆమె ఎందుకట్లా అన్నదో కూడా రాస్తాను. ఈ రోజు లింగపూజ కాగానే, పొయ్యి ఇంకా అంటించకుండానే కూర్చున్నాను.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. అక్క మోకాలు నయమే. ఆముదం కాచి పట్టు వేస్తున్నాము. వానలు ఆలస్యమైనా బాగానే పడ్డాయి, అల్లం మడులు ఈసారి కుళ్లలేదని చుట్టుపక్కల రైతులు సంతోషంగా ఉన్నారు. వంటింటి పైన రేకు కారుతున్నదా అని అడిగారు. కారడం లేదు, మీ స్నేహితుడు ఈరయ్య వచ్చి తారు పూసి పోయినాడు. శ్రావణ సోమవారం నాడు ఝరాసంగం గుడికి పోయి వచ్చాము. మీ పేరు మీద కూడా బిల్వం వేయించాను. అప్పటికి నాకేమీ తెలియదు.

కుట్టుపని ఎట్లున్నదని అడిగారు. బాగానే నడుస్తున్నది. రవికలు, లంగాలు కుట్టడమే కాక, దారపు రీళ్లు, గుండీలు, హుక్కులు కూడా తెచ్చి అమ్ముతున్నాము. ఒక్కటే బాధ, ఎలుకలు. కట్టెపెట్టె అడుగు కొరికి, లోపలున్న ఎర్ర రీళ్లన్నీ చిక్కులు చేసి పెట్టినయి. మీ అక్క చెప్పు పట్టుకొని వాటి వెంట ఉరికితే మోకాలి నొప్పి ఏమైందో నాకే తెలియలేదు.

ఇక మిగిలింది రోడ్డు పక్క గది సంగతి. మా నాయన నాకిచ్చిన ఆ గదిని మీ పేరు మీదికి మారిస్తే, దాన్ని అమ్మి షోలాపూరులో సొంత వర్క్‌షాపు పెడతానని, వచ్చే ఏడు నన్నూ అక్కనూ అక్కడికి తీసుకుపోతానని రాశారు. సంతకం కోసం కాగితం కూడా పంపారు. అదే జాబులో మన పెట్టె గురించి రాసిన మాటలు నాకు నోటికి వచ్చినయి. "రోజూ మన పచ్చ పెట్టె పైసొరుగు గుంజి, నువ్వు గీసిన విభూతి గీతలకు దండం పెట్టినాకే పానా చేత పట్టుకుంట. నువ్వు పక్కన ఉన్నట్టే ఉంటది." ఈ మాటలు నేను మీ అక్కకు చదివి వినిపించాను. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకున్నది. 

ఆ పెట్టె మనకెట్లా దొరికిందో మీరు మరిచి ఉండరు. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, రైలు గోదాము ఖాళీ చేసి పాత ఇనుమంతా బయట పోసినారు. ఆ కుప్ప కింద మన పెట్టె తలకిందులుగా పడి ఉండింది. ఛాతీ ఎత్తు ఉన్న దానిని మీరు, ఈరయ్య బండి మీద వేసుకొని వస్తే ఊరంతా నవ్వినారు. నెలరోజులు నేను చింతపండు పులుసు పట్టించి, ఇటుకపొడితో తోమితే తుప్పు వదిలింది. మీరు సొరుగులకు కొవ్వు రాసి, పచ్చరంగు వేసినారు. పానాలు ఒకదానికొకటి తగిలి అరగకుండా, నా పెళ్లినాటి ఇల్కల్ చీర చింపి ప్రతి సొరుగులోనూ పరిచి అంచులు కుట్టాను. మా అమ్మ ఇచ్చిన చీర. మీరు వద్దన్నారు. మీ చేతి పనిముట్ల కింద ఉంటే ఆ చీరకు అంతకన్నా ఏం కావాలని నేనే అన్నాను. మీరు పని కోసం షోలాపూరు పోయేటప్పుడు, పైసొరుగు లోపల మూడు విభూతి గీతలు గీసి పెట్టెను మీ వెంట పంపాను.

పాత పెట్టె కొనేటప్పుడు ఎట్లా చూడాలో కూడా అప్పుడే నేర్పినారు. "పైసొరుగులు అందరు తుడిచి పెడ్తరు గిరిజా. ముందుగాల అడుగు సొరుగు పూర్తిగ బయటికి గుంజు. పెట్టె గుణం ఆడ తెలుస్తది." 

ఎలుకల బాధ పడలేక, గడిచిన నెలలో ఒక శనివారం బొంబాయి రోడ్డు మీద రామ్‌కిషన్ పాత ఇనుము దుకాణానికి పోయినాను. అతను మీరు పోయినాక ఊరికి వచ్చినవాడు, మిమ్మల్ని ఇక్కడ ఎరగడు. షోలాపూరు నుంచి లారీల మీద సామాను తెస్తాడు. మంచి మనిషి, నోరు కొంచెం ఎక్కువ. 

"కుట్టుమిషన్ అమ్మా, నీకోసమే తెచ్చిన చూడు, నిజాం కాలపు మాలు. ఎలుక కాదు, ఏనుగొచ్చినా కొరకలేదు," అన్నాడు. 

మూలకు ఒక సొరుగుల పెట్టె. ఎర్రరంగు. నేను గుర్తుపట్టలేదు. మీరు నేర్పినట్టే కింద కూర్చొని అడుగు సొరుగు గుంజాను. అది కొంచెం పట్టి వచ్చింది. లోపల నా ఇల్కల్ చీర ఉన్నది. నా కుట్టు ఉన్నది. దాని మీద బలపం ముక్కలు, చంటిపిల్ల గాజులు రెండు, కాలు విరిగిన కట్టెబొమ్మ. 

సొరుగును పూర్తిగా గుంజి ఒళ్లోకి లాక్కున్నాను. దాని వెనక ఇరుక్కున్న చిన్న గుడ్డసంచి ఒకటి జారి కింద పడ్డది. రామ్‌కిషన్ చూసి నవ్వినాడు.

"అరే, ఇదే సంచి! దీనికోసం ఆమె ఎంత సతాయించింది నన్ను. రేవణ్ మిస్త్రీ అని షోలాపూర్‌ల ఉన్నడమ్మా, ఆయన ఇంట్లకెల్లి తెచ్చిన ఈ పెట్టె. ఇల్లు మారుతున్నరు, కొత్తింట్ల జాగ లేదని ఆయన భార్య అమ్మేసింది. చిన్న వయసే పాపం. చంకల ఒక బిడ్డ. 'దసరాకు దసరాకు మా ఇంటాయన నా చేతుల పెట్టే జమ్మి ఆకు, సంచిల దాచిపెట్టుకున్న, ఏడ పడ్డదో' అని మొత్తం ఇల్లు వెతికింది. నేనన్న, ఆకులు పోతే ఏమైతదమ్మా, చెట్టుకు మళ్ల రావా అని. కోపమొచ్చింది ఆమెకు."

అతను చెప్పింది మీ పేరే. నేను సంచి విప్పి చూశాను. కుంకుమ, దానిలో ఎండిన జమ్మి రెమ్మలు. ఒక్కొక్కదానికి పసుపు దారం చుట్టి, విభూతి అద్ది ఉన్నది. ప్రతి దసరాకు పెద్దలకు పెట్టినాక, మీ వంతు రెమ్మకు నేనే దారం చుట్టి జాబులో పెట్టి పంపేదాన్ని. అందిందని, పానాల పక్కన పెట్టుకున్నానని మీరు రాసేవారు. 

మీరు ఇంకొక ఇల్లు చేసుకున్నారు. లోకంలో లేనిది కాదు. మనకు పిల్లలు కలగలేదు, ఒక్కమాట చెప్పి ఉంటే నేను ఏడ్చి, తరువాత తల ఊపేదాన్నేమో. పెట్టెకు మీద రంగు మార్చారు, అది కూడా ఓర్చుకుంటాను. కాని నేను మీ ఆయుష్షు కోరి దారం చుట్టి పంపిన ఆకును, మీరు తెచ్చినట్టు ఇంకొకరి చేతిలో పెట్టినారు చూడండి, అది నాకు మింగుడు పడటం లేదు. అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తుకు వస్తుంది. పూజలో లింగాన్ని అరచేతిలో పెట్టుకుంటే, ఈ చెయ్యే కదా దారం చుట్టింది అనిపిస్తుంది. పెట్టె అమ్మిపోయినాక కూడా, రోజూ విభూతి గీతలకు దండం పెడుతున్నానని రాశారు. ఏ గీతలకు?

రామ్‌కిషన్‌తో నేను ఏమీ చెప్పలేదు. "ఈ పెట్టె నేను తీసుకుంట" అన్నాను. 

ఇంటికి తెస్తే మీ అక్క గడపలోనే మొదలుపెట్టింది. "ఏమే గిరిజా, శనివారం పూట ఎవరన్న ఇంట్లకు ఇనుము తెస్తరా? ఆదివారం దాంక ఆగితే ఎలుకలు నిన్ను ఎత్తుకపోతుండెనా?" అట్లాంటిదే ఇంకొకటి దొరికిందని మాత్రం చెప్పాను. మరునాటి నుంచి కిరసనాయిలు గుడ్డతో ఎర్రరంగు తోముతూ కూర్చున్నాను. కిందనుంచి పచ్చ తేలింది. పైసొరుగు ముందు గోడ లోపల నేను గీసిన మూడు గీతల మీద కూడా రంగు వేసి ఉన్నది. అక్కడ తోమలేదు. అట్లనే వదిలేశాను.

వదిన రోజూ వచ్చి చూసి పోయేది, ఏమీ అడిగేది కాదు. నిన్న సొరుగుల్లో గుండీలు సర్దుతుంటే పక్కన కూర్చొని, ఇల్కల్ గుడ్డ అంచు వేళ్లతో తడిమింది. మీరు పుట్టినప్పుడు మిమ్మల్ని ఎత్తుకొని తిప్పిన చేతులు అవి.

"వాడేనా?" అన్నది.

అవునన్నాను, రామ్‌కిషన్ చెప్పినదంతా చెప్పాను.

వదిన లేచిపోయి సిరాబుడ్డి తెచ్చింది. "రాయి. నా మోకాలు మంచిగున్నదని రాయి. దసరాకు వస్తడని ఎదురుచూస్తలేనని గూడ రాయి. నాకు తమ్ముడు లేకున్న నడుస్తది, మరదలు లేకుంటే నడవదు. గిది నా మాటగ రాయి, మార్చకు." మార్చకుండా రాశాను.

ఇక ఇంతసేపు దాచిన మాట. మీరు పంపిన కాగితం మీద నేను సంతకం చేశాను. జాబు వచ్చిన రోజునే, పూజ చేసి లేచి, తూర్పుముఖంగా కూర్చొని చేశాను. సోమవారం మంచిరోజని, ఆ రోజు టపాలో వేయాలని దాచాను. శనివారం పెట్టె దొరికింది. రెండు రోజులు ఎలుకలు ఆగి ఉంటే, గది మీదైపోయేది, నేనూ మీ అక్కా ఈ వయసులో ఏ ఆసరాతో బతికేవాళ్లమో ఆ బసవన్నకే తెలియాలి. మీ మాట మీద నాకు అంత నమ్మకం ఉండింది. దాన్ని మీరు తెలిసి వాడుకున్నారు.

ఆ కాగితం ఇప్పుడు అడుగు సొరుగులో ఉన్నది. అక్కడి ఇల్కల్ గుడ్డ తీసి, ఉతికి మడిచి పెట్టుకున్నాను. దాని స్థానంలో మీ కాగితం బోర్లా పరిచి, మీద హుక్కులు పోశాను. పెట్టెను నిన్ననే రోడ్డు పక్క గదికి చేర్చాము. గది అమ్మడం లేదు. మా దుకాణం ఇక అక్కడే. 

ఇంకొకటి కూడా చేశాను. ఆ గుడ్డసంచిని, పిల్ల గాజులను, బొమ్మను రామ్‌కిషన్‌కు ఇచ్చి షోలాపూరు పంపాను. పెట్టెలో దొరికినవని మాత్రం చెప్పమన్నాను. మిమ్మల్ని క్షమించి చేసిన పని కాదు. చేతిలో పెట్టిన జమ్మి ఆకును వెనక్కి తీసుకోరాదు, ఎవరి చేతిలో పడ్డా సరే. ఆమె దాన్ని కుంకుమలో దాచుకున్నది, ఆమె తప్పేమున్నది. ఈ దసరాకు మాత్రం నా జాబులో రెమ్మ రాదు. ఆమె చెయ్యి చాచితే పెట్టడానికి మీరే పోయి చెట్టు వెతుక్కోండి. 

ఈ కాగితాలు చింపకండి, ఉంచుకోండి. పెట్టుకోవడానికి మీకు ఇప్పుడు పెట్టె లేదు, అయినా ఎక్కడో ఒకచోట ఉంచుకోండి. ఆమెకు మాత్రం చూపకండి. ఆ ఆకు మీరు తెచ్చిందనే అనుకోనివ్వండి.

ఇట్లు,
మీ అక్కకు మరదలు,
గిరిజమ్మ