పెట్రోల్లో నూనె, బిగుసుకున్న వాల్వు

ప్తుయ్, స్లోవేనియా
జూలై

యెర్నెయ్ బావా,

కాలికి కట్టుతో ఆసుపత్రిలో పడుకుని, విమానం పడింది నీవల్లేనని కుమిలిపోతున్నావట, అక్క చెప్పింది. ఇక మానెయ్. ఇంజను విప్పి చూశాను. ఒక వాల్వు మసి పేరుకుని బిగుసుకుపోయింది. దాన్ని నెట్టే కడ్డీ వంగిపోయింది. అందుకే గాల్లోకి లేవగానే ఇంజను బలం పోయింది.

"మసి పట్టకుండా పెట్రోల్లో ఆ నూనె పోస్తూనే ఉన్నాను కదరా?" అని నన్నడగమన్నావట. పోశావు. కొత్త మసి పట్టకుండా అది కొంత ఆపుతుందేమో, ఆ వాదన మన విమానాల క్లబ్బులో ఎప్పటికీ తెగదు. గట్టిపడిన మసిని మాత్రం అది వదిలించలేదు. పొద్దున స్టార్టు చేయగానే ఇంజను వణికి, వేడెక్కాక సర్దుకునేదంటే వాల్వు అప్పటికే పట్టేస్తోందన్నమాట. మసి గీకేసి, కడ్డీ మార్చాను. ఇంజను ఇప్పుడు చల్లగా ఉన్నా వణకడం లేదు.

నిన్న క్లబ్బులో అలోయిజ్ మామ, "మీ బావ భయపడి మొక్కజొన్న చేలో దింపేశాడ్రా!" అని వేళాకోళమాడాడు. ఆ రోజు విమానం నడపడం నేర్చుకుంటూ నీ పక్కన కూర్చున్న శిష్యురాలు నేజా అక్కడే ఉంది. "భయపడింది నేను మామా. ఆయన నాతో మాట్లాడుతూనే దింపారు" అంది. తర్వాత నా దగ్గరకొచ్చి, "ఆయన కాలు ఎప్పుడు నయమవుతుంది? నాకు పాఠం ఆయనే చెప్పాలి" అని అడిగింది.

ఏం చెప్పమంటావు?

నీ బావమరిది